నోరు మెదపని వంటవాళ్ళు

"గురువుగారూ, రిజర్వ్‌డ్ అంటే ఏమిటండీ?" అని అడిగాడు చయనులు.

ద్రాక్షారామం చుట్టుపక్కల శుభకార్యాల వంటకి పేరుమోసిన సోమయాజులుగారికి ఇంగ్లీషు రాదు. ఆ సంగతి చయనులుకీ తెలుసు. అడిగించింది కడుపుమంట. పదకొండేళ్ళుగా ఆయన వెంట గరిటె తిప్పుతున్నది తానైతే, నాలుగేళ్ళ కిందట వచ్చి చేరిన యజ్ఞన్నని మొన్న ఓ పెళ్ళిలో కాలేజీ లెక్చరరొకాయన "ఈయన చాలా రిజర్వ్‌డ్ సుమండీ" అని అందరిముందూ మెచ్చుకున్నాడు. అసలే గురువుగారి మోకాళ్ళు పోయాయి. వచ్చే మాఘం నుంచి బృందాన్ని శిష్యుల్లో ఒకరికి అప్పగిస్తానంటున్నారు. ఆ ఒకడు తానే కావాలని చయనులు కనపడ్డ దేవుడికల్లా మొక్కుతున్నాడు. ఇలాంటప్పుడు పక్కవాడికి ఇంగ్లీషులో మెప్పు దొరికితే ఒళ్ళు మండదూ?

"రిజర్వ్‌డ్ అంటే గుంభనమైన మనిషని పోస్టుమాస్టరుగారు చెప్పారండీ. వాళ్ళ కోడలు బిడియస్థుడంది. మా బావ మటుకు పొగరుబోతునే అలా అంటారన్నాడు. వీడు ఇందులో ఏదండీ?"

సోమయాజులుగారికి ప్రశ్నకి జవాబు చెప్పే అలవాటు లేదు, పని చెప్పే అలవాటుంది. "రేపు ఒడుగు వంటలో పప్పు నీది, పులుసు వాడిది. నువ్వూ నోరు మూసుకుని చెయ్యి, చూద్దాం," అన్నారు.

మర్నాడు చయనులు నిజంగానే నోరు విప్పలేదు. కళ్ళు మాత్రం యజ్ఞన్న గుండిగ మీంచి తియ్యలేదు. వాడు చింతపండు పిసికితే చూశాడు, బెల్లం వేస్తే చూశాడు, పులుసు తెర్లాక ఉప్పు వేస్తే చూశాడు. నెయ్యి కోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి యజ్ఞన్న ఉప్పుగిన్నె పట్టుకుని మళ్ళీ పులుసులో రెండు గుప్పిళ్ళు వేస్తున్నాడు. చయనులు గుండె ఝల్లుమంది, ఆ వెంటనే చల్లబడింది. మడివంట. నైవేద్యం అయ్యేదాకా ఎవరూ రుచి చూడకూడదు. చూసినవాడు చెబితే తప్ప ఆ ఉప్పు సంగతి బంతిలోగాని బయటపడదు. ఇంకా నీళ్ళున్నాయి, చింతపండుంది, ఒక్క మాట అంటే సర్దుకుపోయేదే. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. నోరు మూసుకోమన్నది గురువుగారే కదా అనుకుని మింగేశాడు. హాయిగా కూడా అనిపించింది.

మొదటి బంతిలోనే వటువు మేనమామ విస్తరి ముందునుంచి లేచినంత పని చేశాడు. "ఇది పులుసా, ఉప్పుటేరా?" సోమయాజులుగారు మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి, చేతులు జోడించి, తప్పు తనదన్నారు. యజ్ఞన్న తల వంచుకు నిలబడ్డాడే గాని సంజాయిషీ చెప్పలేదు. పప్పు మాత్రం అమోఘమన్నారు, మారు వడ్డించుకున్నారు. చయనులు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గురువుగారి వంగిన నడుం మాత్రం చూడలేక నేతిగిన్నె తీసుకుని రెండో బంతికి నడిచాడు.

బంతులయ్యాక ఆయన పిలిచారు.

"పులుసులో ఉప్పు రెండుసార్లు పడిందట. గుచ్చిగుచ్చి అడిగితే చెప్పాడు యజ్ఞన్న. అప్పుడు నువ్వెక్కడున్నావురా?"

"ఎదురుగానే ఉన్నానండీ."

"మరి నీ పప్పులో ఉప్పు ఎప్పుడు వేశావు?"

చయనులు పొద్దుటి వంటంతా మనసులో ఒకసారి తిరగేసుకున్నాడు. పప్పు మెదిపాడు, ఇంగువ పోపు పెట్టాడు. ఉప్పు వేసిన గుర్తు లేదు. పొద్దుటినుంచీ చూపంతా పక్క గుండిగలో ఉంటే గుర్తెలా ఉంటుంది?

"నువ్వు వెయ్యలేదని చూసి, నేతికి వెళ్ళినప్పుడు నీ పప్పులో వాడు వేశాడు, నలుగురిలో నిన్ను అనడం ఇష్టంలేక. ఆ కంగారులో తనది వేశానో లేదో మరిచిపోయి మళ్ళీ వేసుకున్నాడు."

చయనులుకి ఇందులోనూ వాడే గెలిచాడన్న మంట ముందొచ్చింది. సిగ్గు ఆ తరవాత వచ్చింది.

"అయితే మాఘానికి బృందం వాడికేనాండీ?" అన్నాడు, నేల చూస్తూ.

"అది తరవాత మాట. నువ్వడిగిన ఇంగ్లీషుకి అర్థం నాకు తెలీదు నాయనా. ఇవాళ నా వంటసాలలో ఇద్దరు నోరు మెదపలేదు. ఒకడి మౌనం పప్పులో పడింది, ఒకడిది పులుసులో పడింది. విస్తళ్ళు ఇంకా ఎత్తలేదు, ఏది మిగిలిందో ఏది మిగల్లేదో వెళ్ళి చూసుకో."