ఆరు మెట్ల మండపం

శిష్యులు ఏదైనా అడిగితే కేదారయ్యగారు వెంటనే జవాబు చెప్పరు. ఏదో ఒక పని మీద పంపుతారు. పని ముగించుకుని వచ్చేసరికి ప్రశ్నే మారిపోయి ఉంటుంది.

ఆశ్రమ మండపంలో ప్రతి పౌర్ణమికీ ఆయన పురాణం చెబుతారు. ఏర్పాట్లన్నీ శిష్యుడు నరహరివి. ఒకరోజు అతను అడిగాడు: "అందరూ రావాలని ఊరంతా చాటిస్తున్నాం గదా స్వామీ. అయినా రానివాళ్ళ విషయంలో ఇక మన పూచీ ఏముంది?"

"రానివాళ్ళనే అడిగి రా," అన్నారు గురువుగారు.

నరహరి చాపలు అల్లే నాంచారమ్మ ఇంటికి వెళ్ళాడు. పసితనంలోనే ఆమెకు కాళ్ళు చచ్చుబడ్డాయి. చక్రాల పీట మీద కూర్చుని, చేతులతో నేలను నెట్టుకుంటూ ఊరంతా తిరుగుతుంది.

"మండపానికి ఆరు మెట్లున్నాయి నాయనా," అందామె, అల్లిక ఆపకుండానే.

"అంతే గదా! ఇద్దరు మనుషుల్ని పంపిస్తాను, ఎత్తుకొస్తారు."

"వాళ్ళు ఎక్కడ దింపితే అక్కడే కూర్చోవాలి. నాకేమో మా నేస్తం వీరమ్మ పక్కన కూర్చోవాలని ఉంటుంది."

నరహరి ఏడేళ్ళుగా ఆ మెట్లు ఎక్కి దిగుతున్నాడు. అవి ఎన్నో ఇప్పుడే తెలిసింది.

మర్నాడే మట్టి తోలించి మెట్ల పక్కన వాలుదారి వేయించాడు. నాంచారమ్మ వచ్చి ఎక్కబోయింది. సగానికి రాగానే పీట వెనక్కి జారింది. అతను పట్టుకోబోతే వద్దంది.

"వాననీళ్ళు జారడానికి బాగుంది," అని నవ్వింది. "ఇంకా ఇంతకింత పొడుగు చెయ్యి."

పొడుగు పెంచితే ఎక్కడం ఎలా తేలికవుతుంది? తెలుసుకోవాలనిపించి, ఆమెనడిగి తనే ఆ పీట మీద కూర్చుని వాలు మీదికి నెట్టుకున్నాడు. రెండు బారలైనా పోకముందే అరచేతులు మండాయి. ఆ సాయంత్రమే ఏటవాలు తగ్గేలా దారిని రెట్టింపు పొడుగు చేయించి, గట్టిగా దిమ్మిస కొట్టించాడు.

పౌర్ణమినాడు నాంచారమ్మ తనంతట తానే పైకి వచ్చి, జనంలో వెతుక్కుని వీరమ్మ పక్కన చేరింది. నరహరికి కడుపు నిండినట్లయింది. అరగంట గడిచిందో లేదో, ఆమె పీట తిప్పుకుని చక్కా దిగి వెళ్ళిపోయింది.

సభ ముగిసీ ముగియకముందే అతను గురువుగారి దగ్గరకు వెళ్ళాడు.

"ఇంత చేస్తే సగంలోనే వెళ్ళిపోయింది స్వామీ! కథ విసుగ్గా ఉందని వీరమ్మతో చెప్పిందట."

కేదారయ్యగారు పుస్తకానికి గుడ్డ చుడుతూ, "అయితే దారి బాగానే కుదిరిందన్నమాట," అన్నారు.