ఆటకు వీపు తిప్పిన ముంగిస

చిప్పలవాగు ఒడ్డున ఒక అడవి ఉండేది. అందులో ముంగిసలు, కుందేళ్ళు, దుప్పులు, అడవిపందులు, కొండముచ్చులు బతికేవి. నీళ్ళ దగ్గర, నీడ దగ్గర అవి ఎంత పోట్లాడుకున్నా బంతాట దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒక్కటే.

ఆ బంతాటకు పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ఎండిన తీగలను ఉండగా చుట్టి, మీద మోదుగ నార బిగిస్తే బంతి. వాగు పక్కన చదునైన ఇసుక నేల మైదానం. ఇటు రెండు మద్దిచెట్లు, అటు రెండు మద్దిచెట్లు. కాలితో తన్నిన బంతి ఎదుటివాళ్ళ చెట్ల మధ్యకు దూరితే గోలు. మైదానం పక్కన మట్టిగట్టు మీద కూర్చుని అడవంతా ఆట చూసేది. వాగుకు అవతల ఇంకో అడవి, ఇంకో జట్టు ఉండేవి. ఆ జట్టు మీద మనవాళ్ళు గెలిచి ఏడు వానాకాలాలు దాటిపోయాయి.

ఆ చివరి గెలుపు తెచ్చినవాడు జోగన్న అనే దుప్పి. ఆ రోజు కాలిలో తుమ్మముల్లు దిగినా పీక్కోకుండా పరిగెత్తి గోలు కొట్టాడు. తర్వాత వయసు మీద పడి ఆడటం మానేశాడు. జట్టుకు పెద్ద గురువు తవిటయ్య అనే తాబేలు. జోగన్న ఆయన పక్కన చేరి పిల్లలకు ఆట నేర్పుతూ ఉండేవాడు.

జోగన్నకు ఒక అభిమాన సంఘం ఉంది. దాని అధ్యక్షుడు గవరయ్య అనే ముసలి ముంగిస. ఆయనను ఎవరూ ఎన్నుకోలేదు. అందరికంటే గొంతు పెద్దది కాబట్టి ఆ పదవి ఆయనకు దానంతట అదే వచ్చింది. ప్రతి ఆటకు ముందు జోగన్న గట్టు ఎక్కి, ముందుకాలి గిట్టతో నేలను మూడుసార్లు తట్టేవాడు. వెంటనే గవరయ్య "జోగన్నకూ" అనేవాడు. గట్టంతా "జై" అనేది. ఆ జై పడనిదే ఆట మొదలయ్యేది కాదు.

ఒక సాయంత్రం పిల్లల సాధన అయిపోయాక జోగన్న అందరినీ పిలిపించాడు. ఆయన గట్టు ఎక్కి నిలబడ్డాడో లేదో గవరయ్య అలవాటు కొద్దీ అందుకున్నాడు. గట్టంతా జై కొట్టింది. జోగన్న నోరు విప్పితే మళ్ళీ జై. ఆయన ఆగి, కొంచెం నవ్వి, చెప్పదలచుకున్నది చెప్పేశాడు. జై కేకల మధ్య గవరయ్య చెవిన పడినవి రెండే మాటలు, "రేపటి నుంచి" అన్నది ఒకటి, "రాను" అన్నది ఒకటి. ఆ తర్వాత జోగన్న తవిటయ్యకు తల వంచి దండం పెట్టి, మోదుగ పొదల్లోకి నడిచి వెళ్ళిపోయాడు.

గవరయ్య ఇంకో జై కొట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. "రాను అంటే ఏమిటి?" అని పక్కనున్న కుందేలును అడిగాడు. కుందేలు తనకూ అదే అర్థం కాలేదంది. దాని పక్కనున్న అడవిపంది ఇంతసేపూ ఈ జై ఎందుకో కూడా తెలియకుండానే కొడుతున్నానని ఒప్పుకుంది.

ఆ మర్నాటి నుంచి అడవిలో ఎవరి గోల వారిది. జోగన్నకు మోకాళ్ళ నొప్పులని కుందేళ్ళు అన్నాయి. అవతలి ఒడ్డువాళ్ళు ఉప్పునేల ఆశ చూపి లాక్కున్నారని పందులు అన్నాయి. ఉప్పునేల అంటే దుప్పులకు ప్రాణమని అందరికీ తెలుసు కాబట్టి ఆ మాట బాగానే అంటుకుంది. కొండముచ్చు మాత్రం చెట్టు మీది నుంచి అసలు సంగతి తనకే తెలుసన్నట్టు, తవిటయ్యే ఈర్ష్యతో జోగన్నను సాగనంపాడని చెప్పాడు. నువ్వు చూశావా అంటే, చూడాల్సిన పని లేదు, ఆలోచిస్తే చాలు అన్నాడు.

గవరయ్య ప్రతి మాటనూ నమ్మాడు. పొద్దున మోకాళ్ళ మీద జాలిపడ్డాడు, మధ్యాహ్నం ఉప్పు మీద కోపం తెచ్చుకున్నాడు, సాయంత్రానికి తవిటయ్యను తిట్టుకున్నాడు. ఒకదాన్ని నమ్మితే ఇంకొకటి అబద్ధం కావాలి కదా అని పడుకునే ముందు తోచి ఆయన బుర్ర తిరిగిపోయింది. ఏడేళ్ళుగా జోగన్న పేరే తన పేరుగా బతికినవాడు. ఇప్పుడు పొద్దున లేచి ఏం చేయాలో ఆయనకు పాలుపోలేదు.

చివరికి తవిటయ్య దగ్గరికే వెళ్ళి, జోగన్న ఎందుకు వెళ్ళిపోయాడని నిలదీశాడు.

"ఆయనే చెప్పాడు కదా," అన్నాడు తవిటయ్య. ఆయన ఎప్పుడూ మూడు మాటలకు మించి మాట్లాడడు. తల డిప్పలోకి లాక్కున్నాడు.

గవరయ్యకు ఒళ్ళు మండింది. అడిగిన దానికి జవాబు చెప్పకుండా డిప్పలోకి దూరినవాడు తప్పు చేయకుండా ఎలా ఉంటాడని సంఘానికి వచ్చి చెప్పాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే సామెత అక్కడ చాలామందికి గుర్తొచ్చింది గానీ, పక్కనే కుందేలు కూర్చుని ఉండటంతో ఎవరూ పైకి అనలేదు.

గవరయ్యకు పైడి అని ఒక మనవరాలు ఉంది. ఆమె ఆ ఏడే జట్టులో చేరింది. జోగన్న మాట్లాడిన సాయంత్రం పిల్లలంతా గట్టు కిందనే, ఆయన కాళ్ళ దగ్గరే కూర్చున్నారు. తాత ఇంటికి వచ్చి రుసరుసలాడుతుంటే పైడి దగ్గరికి వచ్చింది.

"తాతా, పెద్దాయన ఆ రోజు చెప్పింది ఏమిటంటే..."

"నీకేం తెలుసమ్మా? ఆయన ముల్లు దిగిన కాలితో పరిగెత్తినప్పుడు నువ్వు పుట్టనే లేదు," అన్నాడు గవరయ్య.

పైడి ఇంకో రెండుసార్లు చెప్పబోయింది. రెండుసార్లూ తాత ముల్లు కథ మొదటి నుంచీ చెప్పాడు.

మూడు రోజుల్లో అవతలి జట్టుతో ఆట ఉంది. సంఘం కూర్చుని ఒక తీర్మానం చేసింది. జోగన్న లేని ఆట ఆటే కాదు. కాబట్టి అందరూ గట్టు మీదికి వస్తారు, కానీ మైదానానికి వీపు పెట్టి కూర్చుంటారు. జై ఉండదు, చప్పట్లు ఉండవు. ఎవరూ మెడ తిప్పకూడదు. ఈ మాట ఎవరు మొదట అన్నారో తెలియదు గానీ, అందరికంటే గట్టిగా సరే అన్నవాడు గవరయ్య.

ఆట ముందు రోజు పైడి కాళ్ళకు బూడిద రాసుకుంటూ అడిగింది. "రేపు నన్ను ముందు వరసలో ఆడిస్తున్నారు తాతా. మొదటిసారి. నువ్వు చూస్తావు కదా?"

గవరయ్యకు తీర్మానం గుర్తొచ్చింది. "వస్తానమ్మా," అన్నాడు. చూస్తానని అనలేకపోయాడు. రాత్రంతా అటూ ఇటూ దొర్లాడు. వీపు తిప్పితే తవిటయ్యకు బుద్ధి వస్తుందా? పిల్ల ఏమైపోతుంది? తిప్పకపోతే జోగన్నకు ద్రోహం చేసినట్టు కాదా? ఏది ఎవరి కోసం చేస్తున్నాడో ఆయనకే తెలియడం లేదు. అయినా అధ్యక్షుడు అన్నాక తీర్మానం దాటకూడదని తెల్లవారేసరికి తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు గట్టు నిండిపోయింది. అందరూ మైదానానికి వీపు పెట్టి కూర్చున్నారు. మెడ తిప్పితే అందరికీ కనబడేలా గవరయ్య నడి మధ్య కూర్చున్నాడు. ఆయన ఎదురుగా ఒక చీమలపుట్ట ఉంది. ఆట సాగినంత సేపూ ఆయన చూసింది ఆ పుట్టనే.

వెనక ఇసుకలో కాళ్ళ చప్పుడు వినబడుతోంది. అవతలి ఒడ్డువాళ్ళు ఒకసారి అరిచారు. మనవాళ్ళు గోలు తిన్నారు కాబోలు అనుకున్నాడు. కొంతసేపటికి వాళ్ళు ఉస్సురన్నారు. మనవాళ్ళు సమం చేశారేమో. ఎవరు చేశారు? పైడి పడిపోయిందా, పరిగెత్తుతోందా? ఆయన మెడ దానంతట అది కదలబోయింది. పక్కనున్న కొండముచ్చు దగ్గాడు. గవరయ్య మళ్ళీ పుట్టకేసి చూశాడు.

అంతలో వెనక చిన్న కాళ్ళ పరుగు ఒకటి వినబడింది. బంతిని తన్నిన చప్పుడు, తర్వాత బంతి మద్దిచెట్ల అవతల పొదల్లో పడిన చప్పుడు వచ్చాయి. మైదానంలో పిల్లలు కేకలు పెట్టారు. ఏడు వానాకాలాలుగా అడవంతా ఎదురుచూసిన గెలుపు అది. గట్టు మీద ఒక్క చేయీ లేవలేదు.

అప్పుడు గట్టు చివర నేల మీద గిట్ట చప్పుడు మూడుసార్లు వినబడింది.

ఆ చప్పుడు తెలియనివాడు అడవిలో లేడు. తీర్మానం సంగతి మరిచిపోయి అందరి తలలూ తిరిగాయి. గట్టు చివర గడ్డిలో జోగన్న గోలు చూసిన సంతోషంలో లేచి నిలబడి ఉన్నాడు. ఆయన ఒక్కడే మైదానం వైపు తిరిగి ఉన్నాడు. అక్కడ ఆట అప్పటికే అయిపోయింది.

గవరయ్య పడుతూ లేస్తూ ఆయన దగ్గరికి పరిగెత్తాడు. "అన్నా, నీ కోసమే మేమంతా వీపు తిప్పుకుని కూర్చున్నాం. నిన్ను ఎవరు వెళ్ళగొట్టారో ఇప్పుడైనా చెప్పు," అన్నాడు.

జోగన్న తెల్లబోయాడు. "ఎవరు వెళ్ళగొట్టారు గవరయ్యా? నేనే మానుకున్నాను. ఎందుకో ఆ రోజే అందరి ముందూ చెప్పాను కదా."

"మాకు వినబడలేదన్నా."

"ఎలా వినబడుతుంది? నువ్వు జై కొడుతున్నావు."

జోగన్న అప్పుడు మెల్లగా మళ్ళీ చెప్పాడు. బంతి కాలి దగ్గరికి రాగానే పిల్లలు బంతిని చూడటం మానేసి గట్టు మీదున్న తన మొహం చూస్తున్నారు. తను మెచ్చుకుంటాడో లేదో అని వాళ్ళకు భయం. ఆ రెప్పపాటులో బంతి ఎదుటివాడి పాలవుతోంది. తను గట్టు మీద ఉన్నంతకాలం వాళ్ళు అలాగే చూస్తారు. అందుకే గురువు పని మానుకుని, ఒక మూల గడ్డిలో కూర్చుని ఆట చూద్దామనుకున్నాడు. తవిటయ్య వద్దని బతిమాలాడు కూడా.

"కొంచెం మోకాళ్ళ నొప్పి కూడా ఉంది, ఆ మాట నిజమే," అన్నాడు చివరికి. కుందేళ్ళు ఒకదాన్నొకటి గర్వంగా చూసుకున్నాయి.

ఇంతలో పైడి ఒళ్ళంతా ఇసుకతో గట్టు ఎక్కి వచ్చింది. ఆమెకు ఇంకా ఆయాసం తగ్గలేదు.

"చూశావా తాతా? ఆ చివరి గోలు నేనే కొట్టాను."

గవరయ్యకు చూశానని అనేయాలనిపించింది. ఒక్క అబద్ధం ఆడితే పిల్ల సంతోషపడుతుంది. కానీ ఏ కాలితో కొట్టిందో, ఎటు నుంచి వచ్చిందో, ఎవరిని తప్పించుకుందో ఆయనకు తెలియదు. ఆయనకు తెలిసిందల్లా చీమలపుట్ట. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"లేదమ్మా. వచ్చాను గానీ చూడలేదు," అన్నాడు.

పైడి తాత పక్కన కూర్చుంది. "నేనూ గట్టు వైపు చూడలేదులే తాతా. అటు చూస్తే బంతి పోతుందని పెద్దాయన ఆ రోజు చెప్పాడుగా," అంది.

ఆ గోలు ఎలా పడిందో చెప్పమని గవరయ్య జోగన్నను బతిమాలాడు. జోగన్న ఓపికగా మొదటి నుంచీ చెప్పాడు. గవరయ్య ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విన్నాడు. అంతా విన్నాక ఇంకోసారి చెప్పమన్నాడు. జోగన్న మళ్ళీ చెప్పాడు. ఎన్నిసార్లు విన్నా అది చూసినట్టు మాత్రం కాలేదు.

తర్వాతి ఆటకు గవరయ్య అందరికంటే ముందే వచ్చి మైదానానికి ఎదురుగా కూర్చున్నాడు. అధ్యక్షా, ఈసారి ఎవరి పేరున జై కొడదామని సంఘం వాళ్ళు అడిగారు. ఆయన మైదానం మీది నుంచి చూపు తిప్పలేదు. "ముందు చూడనివ్వండి," అన్నాడు.

నీతి: మెచ్చినవారికి జై కొట్టడంలో పడి వారి మాట విననివాడు, వారు కోరిన మంచి తన కళ్ళెదుట జరిగినా చూడలేడు.