గుమ్మడవలస ఎడమచెవి తాత

గుమ్మడవలస జూటు మిల్లు గేటు పక్కనే, రేకుల పందిరి కింద, ఎడమచెవి తాత కొలువై ఉన్నాడు. సిమెంటు విగ్రహం. ఎడమ చెయ్యి దొప్పలా వంచి ఎడమ చెవి వెనక పెట్టుకుని కూర్చుంటాడు. కుడి చెయ్యి మోచేతి వరకే ఉంటుంది. శివాలయంలో నంది చెవిలో కోరిక గుసగుసగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఇక్కడ ఆ పప్పులు ఉడకవు. తాతకు కుడి చెవి బొత్తిగా వినబడదు, ఎడమది అంతంత మాత్రం. మనసులో ఉన్నది గొంతు చించుకుని ఎడమ చెవిలో అరవాలి. పందిట్లో ఉన్నవారందరికీ అది వినబడుతుంది. వినబడాలనే ఈ ఆచారం పెట్టారు.

కొత్తగా వచ్చిన భక్తులు కొందరు, స్వామివారి చెయ్యి ఏ రాక్షసుడితో యుద్ధంలో పోయిందని అడుగుతూ ఉంటారు. తాత మనవరాలు అసిరితల్లి దీపం వెలిగించడం ఆపి మరీ జవాబు చెబుతుంది.

"రాచ్చసుడు గాదండీ, మేనేజరు."

పూర్వం ఇక్కడ మజ్జి గవరయ్య అనే నేత కార్మికుడు ఉండేవాడు. మగ్గాల షెడ్డులో పక్క మనిషితో మాట్లాడాలన్నా కేక వెయ్యాల్సిందే. ఏళ్ళ తరబడి ఆ మోత ఆయన చెవులను తినేసింది. ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరికి వినబడేలా అడిగేవాడు. పసిపిల్ల అసిరితల్లిని జోకొడుతూ ఆయన పాట అందుకుంటే పొరుగింటి పిల్లలు కూడా లేచి కూర్చునేవారు. ఆయన యూనియన్ మనిషి కనుక ఎవరికి ఏ కష్టం వచ్చినా టీ కొట్టు దగ్గర ఆయన చెవిలో అరిచి చెప్పుకునేవారు. అరిచి చెప్పిన కష్టం ఒక్కరిదిగా ఎలా మిగులుతుంది? అక్కడున్న వాళ్ళంతా విని, ఆయన వెనక నడిచేవారు. ఆఫీసువాళ్ళు ఆయనకు చెవిటి మేళం అని పేరు పెట్టి నవ్వుకునేవారు. ఆ మేళం గేటు దగ్గరికి వస్తే మాత్రం గబగబా కిటికీలు మూసుకునేవారు.

నారను మెత్తబరిచే యంత్రానికి పెద్ద ఇనుప రోలర్లు ఉంటాయి. మనిషి చెయ్యి వాటి మధ్యకు పోకుండా ముందు ఒక అడ్డకడ్డీ ఉంటుంది. ఆ కడ్డీ తీసేస్తే పని చురుగ్గా సాగుతుందని అప్పటి మేనేజరుకు బుద్ధి పుట్టింది. గవరయ్య ససేమిరా అన్నాడు. ఆయన కూతురు తవిటమ్మ, అంటే అసిరితల్లి తల్లి, ఆ రోలర్ల దగ్గరే పనిచేసేది.

మేనేజరు ఆయనను తన గదికి పిలిపించాడు. కుర్చీ వేయించి, మర్యాద చేసి, పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడాడు. గవరయ్య ఆ గదిలో కుర్చీ మీద కూర్చోవడం అదే మొదలు. వినబడలేదని చెప్పడానికి మొహమాటపడ్డాడు. కడ్డీ ఉంచుతామంటున్నాడనుకుని తల ఊపాడు. ఆ తల ఊపుడే యూనియన్ ఒప్పుకోలు అయి కూర్చుంది. ఆయనకు వినబడదని మేనేజరుకు తెలియదా? తెలుసు. తెలిసే గొంతు తగ్గించాడు. చెవులు తిన్నదీ వాళ్ళే, ఆ చెవిటితనాన్ని అడ్డం పెట్టుకుని మోసం చేసిందీ వాళ్ళే. ఆ మనిషిని ఏ రాక్షసుడితో పోల్చినా రాక్షసుడికే అవమానం.

మర్నాటికి కడ్డీ పోయింది. వారం తిరగకుండానే తవిటమ్మ కుడి చెయ్యి పోయింది.

గవరయ్య ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి ఈ చోటనే కూలబడ్డాడు.

"నాకు ఇనపడనేదురా! ఇనపడనేదని సెప్పడానికి సిగ్గుపడి తలూపినాను. నా కూతురు సెయ్యి నా సిగ్గు తినేసినాదిరా! ఇంకెవుడూ తలూపకండ్రా!" అని అరిచాడు.

ఆ అరుపు మగ్గాల మోతను మించి వినబడిందని పెద్దలు చెబుతారు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కడ్డీ మళ్ళీ బిగించేదాకా అవి కదలలేదు. ఆపైన బతికినన్నాళ్ళూ గవరయ్య ఎవరికీ తల ఊపలేదు. అన్నం పెట్టనా అని కూతురు అడిగినా, పెట్టమని నోటితోనే అనేవాడు.

ఆయన కాలం చేసిన కొన్నేళ్ళకు కొత్త యాజమాన్యం ఆయనకు విగ్రహం పెట్టించింది. చేతులు రెండూ జోడించి, ముఖాన చిరునవ్వు అతికించి, కింద "శాంతమూర్తి" అని రాయించింది. అప్పటికి అసిరితల్లి అవే రోలర్ల దగ్గర పనిలో చేరింది. తాత ఆమెకు కలలో కనిపించి ఆనతిచ్చాడని కొందరు చెబుతారు గాని అది నిజం కాదు. కల రావడానికి ఆమెకు నిద్ర పడితే కదా! ఆమె కడుపు మండిపోయింది. అరిచి అరిచి బతికిన మనిషిని, పోయాక నోరు లేనివాణ్ణి చేసి, ఎవరికి తల ఊపనన్నాడో వాళ్ళకే దండం పెట్టించారు.

మర్నాడు షిఫ్టు మారే వేళ ఆమె సుత్తి తెచ్చి, అందరూ చూస్తుండగా ఆ జోడించిన చేతులను పగలగొట్టింది. గేటు కాపలావాడు ఆపబోతే తవిటమ్మ తన మొండిచెయ్యి అడ్డం పెట్టింది. అతను తల దించుకుని వెనక్కి తగ్గాడు. ఊరి తాపీమేస్త్రి వచ్చి ఎడమ చేతిని చెవి వెనకకు తిప్పి అతికాడు. కుడి చెయ్యి కూడా చెయ్యబోతే అసిరితల్లి వద్దంది.

"మాయమ్మకి సెయ్యి మొలిసిననాడు తాతకీ అతుకుదూగాని, ఉంచీ మేస్త్రీ."

నేటికీ ఈ సన్నిధిలో తల ఊపరాదు. ఔననాలన్నా కాదనాలన్నా నోటితోనే అనాలి. ప్రసాదంగా చోడి అంబలి, అంటే రాగి జావ, పోస్తారు. తవిటమ్మ ఎడమ చేత్తో పోస్తుంది, గుసగుసలాడిన వారికి పోయదు. ఇక్కడ అరిచి చెప్పుకున్న కష్టానికి వెనక నుంచి ఎవరో ఒకరు "నానూ ఇన్నాను" అని పలుకుతారు. ఆ పలికినవారు తోడుగా నడవాలన్నది కట్టుబాటు, ఈ తాత ఇచ్చే వరం కూడా అదే.

రోజూ షిఫ్టుకు ముందు అసిరితల్లి ఒక్కతే లోపలికి వెళ్ళి, కడ్డీని చేత్తో పట్టి ఊపి చూసి, తిరిగి బయటికి వస్తుంది. మిగిలినవారు పందిరి కింద నిలబడి ఉంటారు. ఆమె ఎడమ చెవి దగ్గర నిలిచి, "కడ్డీ ఉన్నాది తాతా!" అని అరుస్తుంది. విగ్రహానికి తమ ఆఫీసు కిటికీల ఎదుటి ఈ మూల ఎంచి పెట్టింది యాజమాన్యమే గనుక, ఆ చెవిలో అరిచిన అరుపు తాతను దాటి నేరుగా మేనేజరు గది కిటికీకి తగులుతుంది. కిటికీ మూసి ఉంటే ఆమె మళ్ళీ అరుస్తుంది. అది తెరుచుకునేదాకా గేటులోకి ఎవరూ అడుగు పెట్టరు.