కదిలే వ్యానూ, కదల్లేని దాలమ్మా

తామాడ దాలమ్మకి అన్యాయం జరిగింది 2024 జూలై 9, మంగళవారం నాడు. నలభై ఏళ్ళు జీడిపిక్కలు కొట్టిన చేతులావిడవి. ఆ జీడిపాలు వేళ్ళ మీది గీతల్ని ఎప్పుడో తినేసింది. వితంతు పింఛను మిషనుకేమో గీతలు కావాలి. బొటనవేలు పెట్టింది. మిషను కుయ్యిమంది. గుమస్తా తలెత్తకుండానే, "నువ్వు దాలమ్మవి కాదు, పో" అన్నాడు. పెళ్ళిళ్ళలో పాయసం తినేవాళ్ళకి జీడిపప్పు కనపడుతుంది గానీ, దాన్ని వలిచిన వేలు ఎవడిక్కనపడుతుంది!

వేలు పడకపోతే కంటిపాపని ఫోటో తీస్తారని ఆవిడకి ఏడాది తర్వాత తెలిసింది. దానికి మండలాఫీసుకి వెళ్ళాలి. పదమూడు కిలోమీటర్లు. మోకాలు చూస్తే వీధి చివరిదాకా కూడా రానంటుంది. ఇంతలో దరఖాస్తులకి ఆఖరి రోజు వచ్చిపడింది, శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల వరకే. పింఛను వస్తే జీడిపని మానేద్దామని ఆవిడ ఆశ. రాకపోతే సోమవారం మళ్ళీ ఆ పొక్కిన వేళ్ళతోనే పిక్కల ముందు కూర్చోవాలి.

సరిగ్గా ఆ శుక్రవారం పొద్దున్నే ఆవిడ ఊరు జీడిలోవకి వ్యానొచ్చింది.

ఏదో సంఘం వాళ్ళు, బీదవాళ్ళకి ప్రభుత్వ పథకాలు అందించమని కొనిచ్చిన వ్యాను అది. నడిపేది బమ్మిడి వారి కుటుంబం. ఇంటిపెద్ద గవరయ్య మైకు పట్టుకుంటాడు, పెళ్ళాం ఎర్నమ్మ దరఖాస్తులు రాస్తుంది, ఎర్నమ్మ తమ్ముడు జోగులు బండి తోలతాడు. ముగ్గురికీ తమ తెలివంటే మహా గర్వం. "సెప్పింది సెప్పినట్టు సేసేవోళ్ళు ఈ జిల్లాలో మేం ముగ్గురమే!" అని గవరయ్య ఊరూరా మైకులో చెప్పుకునేవాడు. నిజమే. జిల్లాకి పట్టిన పీడా అదే.

వ్యాను ఇచ్చినాయన, "ఇది ఒకచోట కూర్చునే ఆఫీసు కాదు, కదిలే సేవ" అన్నాడు. అంతే. ఆగితే సేవ చెడిపోతుందని జోగులు బ్రేకు మీద కాలెయ్యడమే మానేశాడు. వ్యాను వీధుల్లో గిరగిరా తిరుగుతోంది, జనం వెనకాల పరిగెడుతున్నారు, ఎర్నమ్మ కిటికీలోంచి కాగితాలు అందిస్తోంది. చంకకర్రల సింహాద్రి వికలాంగుల పింఛను కోసం పాపం ప్రాణాలుగ్గబట్టుకుని వ్యానుతో సమానంగా పరిగెత్తాడు. "ఇంత బాగా పరిగెడతన్నావ్, నీకెందుకయ్యా పింఛను?" అని ఎర్నమ్మ ఇచ్చిన కాగితం లాగేసుకుంది.

దాలమ్మ గుమ్మంలోంచి అంతా చూసింది. వ్యాను రెండుసార్లు ఆవిడ ముక్కు ముందు నుంచే పోయింది. మూడోసారి వచ్చేలోపు నులకమంచం ఈడ్చి వీధికి అడ్డంగా వేసి, మీద కూర్చుంది.

వ్యాను కీచుమని ఆగింది. గవరయ్య మైకులోనే లబోదిబోమన్నాడు. "ఓలమ్మో! లెగు మామ్మా, ఆగితే సేవ పోద్ది!"

"ఎవరో ఒకరు కదిల్తే సాలు కదరా? నువ్వాగు, నాను కదుల్తాను" అని దాలమ్మ మంచం మీద ముందుకీ వెనక్కీ ఊగడం మొదలెట్టింది.

జోగులు తల గోక్కున్నాడు. "కదుల్తంది బావా."

"కదుల్తంటే తప్పు లేదు. రాసీయే ఎర్నమ్మా."

ఇంకేముంది, దాలమ్మ ఊగుతోంటే ఎర్నమ్మ కూడా ఊగుతూ రాయడం మొదలెట్టింది.

"మీ ఆయన పేరేటి మామ్మా?"

"పకీరు."

"మూడక్షరాలే! ఇరవై గళ్ళున్నాయి. ఒక్క గడి కూడా కాళీ ఒగ్గొద్దన్నారు. ఇంకెవులైనా ఉన్నారేటి?"

"ఏటే, మొగుళ్ళా? ఆ ఒక్కడితోనే ఏగలేక సచ్చేను!"

ఎర్నమ్మ ఆలోచించి, గళ్ళ నిండా పకీరు పకీరు అనే రాసేసింది. ఆరుగురు పకీర్లు పూర్తిగా పట్టారు, ఏడోవాడు 'పకీ' దగ్గర ఆగిపోయాడు. ఫోను నంబరుకి పది గళ్ళు. దాలమ్మకి ఫోను లేదు. ఒకటి నుంచి వరసగా తొమ్మిది దాకా రాసి, పదికి చోటు చాలక సున్నా పెట్టింది. చిట్టచివర 'ఆఫీసు ఉపయోగానికి మాత్రమే' అని ఓ పెద్ద గడి ఉంది. అందులో 'బాగానే ఉపయోగపడుతుంది' అని రాసి ముత్యాల్లాంటి అక్షరాలని మురిసిపోయింది.

పన్నెండింటికి దాలమ్మని వ్యానెక్కించుకుని బయల్దేరారు. జోగులికి లైసెన్సు ఇచ్చేటప్పుడు, "ఎప్పుడూ ఎడం పక్కకే పో" అని చెప్పారట. కూడలి వస్తే ఎడమ, సందు వస్తే ఎడమ, మలుపు వస్తే ఎడమ. ఒకటే జీడి ఫ్యాక్టరీ గేటు నాలుగుసార్లు ఎదురైంది. నాలుగోసారి వాచ్‌మన్ లేచి సలాం కొట్టాడు.

"ఈ ఊర్లో ఫ్యాక్టరీలెక్కువ బావా" అన్నాడు జోగులు.

దాలమ్మ ఫ్యాక్టరీ గోడ మీది గడియారం చూస్తే రెంటింపావు. "ఒరే జోగులూ, మండలాఫీసు రోడ్డు నీకు కుడేపుంది. తిన్నగా పోయి, ఎడమపక్క పెట్రోలు బంకులోకి దూరి, ఎడంగానే తిరిగి ఎనక్కి రా. ఇప్పుడా రోడ్డు ఏపక్కుంది?"

"ఓయబ్బో! ఎడమకొచ్చీసింది! రోడ్డే మారిపోయింది బావా!"

వ్యాను ఆగినా తాము కదుల్తున్నాం కదా అని, మూడింటికి పది నిమిషాలుందనగా ఆఫీసు మెట్లెక్కారు. ఆఫీసరమ్మ దరఖాస్తు చూసి నోరు తెరిచింది. "ఏంటమ్మా, మీకు ఏడుగురు భర్తలా?"

"ఒక్కడే తల్లీ. గళ్ళే ఎక్కువున్నాయి."

ఆవిడ నవ్వాపుకుంటూ ఆరుగుర్ని కొట్టేసి, కంటి మిషను ముందు పెట్టింది. "చెప్పేదాకా ఎవరూ కన్ను ఆర్పకూడదు" అంది.

అంతే. దాలమ్మతో పాటు వెనకాల నిలబడ్డ ముగ్గురూ కళ్ళు గుడ్లు చేసుకుని బిగబట్టారు. మిషను నసుగుతోంది. ముగ్గురి కళ్ళూ ఎర్రబడ్డాయి, బొటబొటా నీళ్ళు కారాయి, గవరయ్య ముక్కు కూడా మొదలైంది. ఆఫీసరమ్మ తలెత్తి చూసి కరిగిపోయింది. "బీదవాళ్ళ కోసం ఇలా ఏడ్చేవాళ్ళని నా సర్వీసులో చూళ్ళేదు!" అని తన ముక్కు కూడా తుడుచుకుని, అప్పటికప్పుడే మంజూరు సంతకం పెట్టేసింది.

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! పక్క కిటికీలోని గుమస్తా మంజూరు పత్రం గవరయ్యకిచ్చి, "గుమ్మంలో మనిషి చేతికే ఇవ్వండి. దారిలో ఎవరికీ ఇవ్వొద్దు. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే వెనక్కి పట్టుకొచ్చెయ్యండి, రద్దు చేస్తాం" అన్నాడు.

వ్యానులో దాలమ్మ చెయ్యి చాపింది. "నా కాగితం నాకియ్యరా నాయనా."

"ఇది దారి మామ్మా. దార్లో ఎవులికీ ఇవ్వొద్దన్నారు."

జీడిలోవ వచ్చింది. ఇంటి ముందు వ్యాను ఆపి, ముగ్గురూ చొక్కాలూ చీరా సవరించుకుని దిగారు. దగ్గరగా వేసున్న తలుపు ముందు నిలబడి గవరయ్య గొంతు సవరించుకున్నాడు. "దాలమ్మ గారూ!"

"ఒరే, ఇక్కడున్నాన్రా!" అని వ్యానులోంచి అరిచింది దాలమ్మ.

"నువ్వుండు మామ్మా, డూటీలో ఉన్నాం" అని గవరయ్య విసుక్కుని రెండోసారి పిలిచాడు. "దాలమ్మ గారూ!"

ఎర్నమ్మ పెన్ను మూత తీసేసింది, రద్దు అని రాయడానికి. దాలమ్మకి ఇంక మోకాలూ లేదు, గీకాలూ లేదు! అటువైపు తలుపు తీసుకుని దిగి, గోడ పట్టుకుని ఎగశ్వాసతో పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకి దూరింది.

"దాలమ్మ గా..."

తలుపు భళ్ళున తెరుచుకుంది. "ఏటర్రా, సెవులు సిల్లులు పడేలాగ!"

"నమస్కారమమ్మా" అని గవరయ్య చేతులు జోడించాడు. "అదురుష్టవంతులు మీరు, ఇంట్లోనే ఉన్నారు." కాగితం రెండు చేతులా అందించాడు. దాలమ్మ రిజిస్టర్లో సిరా బొటనవేలు వేసింది. ఒక్క గీత లేని నున్నటి నల్ల మచ్చ. ఎవడూ కుయ్యిమన్లేదు. కాగితం జాకెట్లో దోపుకుని, ఆవిడ గుమ్మంలోనే చతికిలబడి, ఏడాదిన్నర నవ్వంతా ఒక్కసారే నవ్వింది.

వ్యాను దగ్గరికి పోయినవాళ్ళు పరుగున వెనక్కొచ్చారు. ముగ్గురికీ చెమటలు.

"దాలమ్మ గారూ, ఇటేపు కుంటుకుంటా పోయే ముసలమ్మ కనపడిందేటండీ? వ్యానులో ఉండాలి, లేదు! అచ్చం మీలాటి సీరే!"

"కనపడింది. పింఛను దొరికిందని ఇంటికొచ్చీసింది."

"ఇల్లెక్కడండీ?"

"ఇదే."

గవరయ్య ఇంట్లోకి తొంగి చూశాడు, నిట్టూర్చాడు. "ఇక్కడ మీరున్నారు కదండీ!"

ఇంకేముంది, వ్యాను మళ్ళీ వీధుల్లో గిరగిరా తిరగడం మొదలెట్టింది. మైకులో గవరయ్య గొంతు ఏడుపులోకి దిగింది. ఎర్నమ్మ ఊగుతూ రిజిస్టర్లో రాసింది: 'వ్యాను ఎక్కిన వృద్ధురాలు ఒకరు, పేరు మామ్మ, దారిలో తప్పిపోయారు. వెతుకుచున్నాము. తేదీ 21-11-2025, శుక్రవారం, సాయంత్రం 4 గంటల 45 నిమిషాలు.'