చెంబుకి బారసాల

"మన తెలివి ఊరంతటికీ పంచినా ఇంకా మిగులుద్ది" అని గవరయ్య రోజూ అనేవాడు. భార్య పైడమ్మా, ఆమె తమ్ముడు కొండలూ తలలూపేవారు. తలలూపడంలో ఆ ఇంటికి సాటి లేదు.

ఆ గవరయ్య పదేళ్ళు కష్టపడి రాక్షసలోకం కథ ఒకటి రాశాడు. దాన్ని అచ్చులో చూసుకోవాలని ఆయన ప్రాణం కొట్టుకుపోయేది. ఉన్నది ఒకటే ప్రతి. పత్రికకి పంపితే ఓ ఉత్తరంతో తిరిగొచ్చింది: "కథ బాగుంది. కానీ మీ రాక్షసులు కూడా చెంబుని చెంబనీ, తలుపుని తలుపనీ అంటున్నారు. కొత్త మాటలు పుట్టించి పంపండి, వేస్తాం."

గవరయ్య చెంబు ముందేసుకుని గంటసేపు ఆలోచించి, "గుడగుడి!" అన్నాడు.

"మాట పుట్టిందా! ఆడా, మగా?" అంది పైడమ్మ.

"బారసాల చెయ్యకపోతే నలుగురూ ఏమనుకుంటారు బావా?" అన్నాడు కొండలు.

ఇంకేముంది! చెంబుకి స్నానం పోశారు, బొట్టు పెట్టారు, ఉయ్యాల్లో పడుకోబెట్టారు. పేరు చెవిలో చెప్పాలి కదా! చూస్తే చెంబుకి మూతి ఉంది, మెడ ఉంది, చెవుల్లేవు. "చెవులు కుట్టేస్తే సరి" అని కొండలు మేకు, సుత్తి తెచ్చాడు. అంతే, చెంబుకి రెండు చిల్లులు. ఉయ్యాల కింద నీళ్ళు కారుతుంటే, "పసిది కదా, పక్క తడుపుద్ది" అంది పైడమ్మ ముద్దుగా.

తర్వాత వీధి తలుపుకి 'కిర్రుబొర్రు' పుట్టింది. తలుపు ఊడబీకి ఉయ్యాల్లో వేశారు. అంతే, తాడు తెగి తలుపు గవరయ్య కాలి మీద పడింది. "అబ్బా!" అని అరిచాడాయన.

"అది దేని పేరు బావా? కాలుదా, నొప్పిదా?" అంటూ కొండలు కాగితం తీశాడు.

ఇంటికి తలుపు లేకపోయేసరికి వాళ్ళ మేకపోతు దర్జాగా లోపలికొచ్చి, కథంతా నమిలి మింగేసింది. గవరయ్య కూలబడ్డాడు. "నా పదేళ్ళ కష్టం! మాటలన్నీ దాని కడుపులో పడ్డాయే!" అని వలవలా ఏడ్చాడు పాపం.

పైడమ్మ మొహం వెలిగిపోయింది. "కడుపులో పడ్డాయా? మరేడుస్తావేటయ్యా! కడుపులో పడ్డవి పుట్టకుండా ఉంటాయేటి?"

ఇంకేముంది! మర్నాడే మేకపోతుకి సీమంతం చేసి, నుదుట తపాలా బిళ్ళ అంటించి, పోస్టాఫీసుకి తోలుకెళ్ళారు.

పోస్టుమాస్టరు నెత్తి బాదుకున్నాడు. "ఇది మేకపోతయ్యా! దీనికేం పుడుతుంది?"

చదువుకున్నవాడికి ఇంత తెలివితక్కువా అని గవరయ్య జాలిపడి, దాని మెడలో కట్టిన చీటీ చూపించాడు. అందులో ఇలా ఉంది: "అయ్యా, కొత్త మాటలు కడుపులో ఉన్నాయి. పుట్టగానే అచ్చు వేయగలరు. తొలి కాన్పు కనక పురుడు మేమే పొయ్యాలి గానీ, ఇంటికి తలుపు లేదు."