గుమ్మం మీది మేకులు

పరిపూర్ణయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు వెతకరు, చెప్పులు వెతుక్కుంటారు. "పద, చూసొద్దాం" అంటారు.

ఆయన శిష్యుల్లో తిరుపాలు వెనకబడ్డవాడు. ఆ మాట ఇంకొకరు అనేలోపే తనే అనేసేవాడు. "తత్వం నాకెక్కడ సాఫీగా వస్తదండీ? నూనె రాయని పెనం మీద పిండి పోసినట్టే, గీకి తీయాల్సిందే" అని. తోపుడుబండి మీద దోసెలు పోసి బతికిన మనిషి. ఎండకూ వానకూ ఓర్చలేక, నలుగురూ నీడన కూర్చుని తినే హోటలు పెడదామని ఆ బండి అమ్మేశాడు. బస్టాండు వెనక వీధిలో షట్టరున్న గదొకటి చూసుకున్నాడు. ఓ ముసురు సాయంత్రం గురువుగారి దగ్గరకొచ్చి అడిగాడు.

"అయ్యా, మున్సిపాలిటీ లైసెన్సు ముందా, అద్దె కాయితం ముందా? ముందు సంతకం పెట్టు, లైసెన్సు దానంతటదే వస్తదంటున్నాడు ఓనరు."

గురువుగారు చెప్పులు వేసుకున్నారు.

గది ముందుకు రాగానే తిరుపాలుకు హుషారొచ్చింది. "తూర్పు గుమ్మమండీ. సిద్ధాంతిగారు వంక పెట్టలేదు. నాకు నమ్మకం చాలక రెండోసారీ పిలిపించా, అప్పుడూ పెట్టలేదు. పైన చూశారా? దిష్టి గుమ్మడికాయ కట్టుకోడానికి మేకులు కూడా కొట్టి ఉంచాడు. ధర్మాత్ముడు!"

గుమ్మం పైన మేకులు వరసగా ఉన్నాయి. కొన్ని తుప్పుపట్టాయి. చివరిది ఇంకా మెరుస్తోంది, దానికి కొబ్బరితాడు ముక్క వేలాడుతోంది. గురువుగారు తలెత్తి చాలాసేపు చూశారు. ఇంతలో ఓనరు రంగప్రసాదు మేడ దిగి వచ్చాడు.

"బాబూ, దీనికి ప్లాను దేనికని తీసుకున్నారు?" అనడిగారు గురువుగారు.

"కాపరముండే ఇంటికేనండి. షట్టరు పెట్టాక దుకాణమే కదా!"

"మరి దుకాణానికి లైసెన్సు ఇస్తారా?"

"అది అద్దెకొచ్చినవాళ్ళు చూసుకోవాలండి. అందరూ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళే. ఇంటి ప్లాను మీద హోటలేంటని ఆఫీసువాళ్ళొచ్చి సీలేసిపోతారు. నా ఖర్మ, మళ్ళీ తీయించుకోవాలి."

"ఈ మేకులు?"

"ముందువాడి మేకు అచ్చిరాదని ఎవరికివాళ్ళు కొత్తది కొట్టుకుంటారండి" అని, వాన జోరందుకోవడంతో రంగప్రసాదు మేడెక్కేశాడు.

తిరుపాలు ఆ వరస వైపు మళ్ళీ చూశాడు. ఈసారి ధర్మాత్ముడు కనపడలేదు. ఒక్కొక్క మేకు కింద ఒక్కొక్క మనిషి, చేతిలో గుమ్మడికాయతో, తనలాగే తూర్పుకు తిరిగి నవ్వుతూ నిలబడ్డట్టు అనిపించింది. సిద్ధాంతిని రెండుసార్లు పిలిపించిన తను మున్సిపాలిటీ మెట్లు ఒక్కసారీ ఎక్కలేదు.

"సంతకం ఇంకా పెట్టలేదుగా?" అన్నారు గురువుగారు.

తిరుపాలు తల వంచుకున్నాడు. "పొద్దున్నే పెట్టేశానండి. మంచి ఘడియ దాటిపోతదని. బండి అమ్మిన డబ్బు కూడా ఆ చేత్తోనే ఇచ్చేశా. తమరు సరేనంటే ధైర్యంగా ఉంటదని అడగడానికొచ్చా."

చూరు కింద ఇద్దరూ వానకు ఒదిగి నిలబడ్డారు. వీధి చివర ఎవరిదో బండి మీద టార్పాలిన్ టపటపా కొట్టుకుంటోంది. తిరుపాలు అటే చూస్తుండిపోయాడు.

గురువుగారు మరోసారి గుమ్మం పైకి చూశారు.

"సుత్తి తెచ్చుకో నాయనా. చివర్న ఇంకా కాస్త జాగా ఉంది."