అడ్డంకులు తీసి కొలిచిన వెలుతురు

ఓబులేసు రాసిన రిపోర్టు మీద ఉస్తాద్ మూడు రోజులుగా సంతకం పెట్టడం లేదు.

అది అతను సొంతంగా చేసిన మొదటి పరిశీలన. కడప ఊరి బయట, నర్సింగు చదివే ఆడపిల్లల కోసం ఒక ట్రస్టు కట్టించిన మూడంతస్తుల హాస్టలు. ఎండను, నీటిని, కరెంటును ఆ భవనం ఎంత పొదుపుగా వాడుకుంటుందో చూసి మార్కులు వేయాలి. వందకు ఎనభై దాటితే ఐదు స్టార్ల గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ వస్తుంది. ఓబులేసు లెక్కకు ఎనభై మూడు తేలాయి. కింద ఉస్తాద్ పీరాన్ సాహెబ్ సంతకం పడితే ఇకమీదట ఓబులేసు కూడా పరిశీలకుడే, ఎవరి వెనకా సంచీ మోసుకుంటూ తిరగక్కర్లేదు. ఐదు స్టార్లు రాగానే అచ్చం ఇదే నమూనాలో ఇంకో మూడు హాస్టళ్లు కడతామని ట్రస్టు వాళ్లు స్థలంలో ముగ్గు కూడా పోయించుకున్నారు.

పీరాన్ సాహెబ్‌కు డెబ్బై దాటాయి. తాపీ పట్టుకుని మొదలుపెట్టి, పని చేస్తూనే చదువుకుని ఇంజినీరై, ఇప్పుడు ఈ రేటింగులు ఇచ్చేవాళ్లకు పాఠాలు చెబుతున్నాడు. కట్టుబడి పనిలో ఉన్నవాళ్లందరికీ ఆయన ఉస్తాదే. మాట తక్కువ మనిషి. మెచ్చుకోలు ఇంకా తక్కువ.

ఓబులేసు తీరు వేరు. రేటింగు నిబంధనల పుస్తకం నూట అరవై పేజీలూ అతనికి కంఠోపాఠం. టీకొట్టులో కూర్చున్నా తలెత్తి పైకప్పు రేకు చూసి, దానికి ఎన్ని మార్కులు కోత పడతాయో చెప్పేవాడు. పక్కనున్నవాళ్లు టీ సగం తాగి లేచిపోయేవాళ్లు. అతనికి అది కూడా తన గొప్పే అనిపించేది.

నాలుగో రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

“రిపోర్టులో తప్పేమన్నా ఉండాదా ఉస్తాద్?”

పీరాన్ సాహెబ్ పద్నాలుగో పేజీ తీసి ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. ‘గదులలోని అడ్డంకులను తొలగించి వెలుతురు కొలవడమైనది’ అని ఉంది అక్కడ.

“ఏం అడ్డంకులు?”

“బట్టలు ఉస్తాద్. ఆ పిల్లోళ్లు గదుల్లో తాళ్లు కట్టి కిటికీలకు అడ్డంగా ఆరేసుకున్నారు. వార్డెనమ్మకు చెప్పి తీయించి కొలిచినా. మీటరుకు అడ్డంకులేమీ ఉండకూడదని పుస్తకంలోనే ఉండాది గదా.”

“ఉండాది,” అన్నాడు ఉస్తాద్. రిపోర్టు మూసేసి, “రేపు మధ్యాన్నం పోదాం,” అన్నాడు.

వాళ్లు వెళ్లింది మే నెలలో, మిట్టమధ్యాహ్నం. ఆ వేళప్పుడు కడప ఎండ సంగతి వేరే చెప్పాలా, ఆటో దిగి గేటు దాకా నడిచేసరికి ఇద్దరికీ నోరెండిపోయింది. వార్డెనమ్మ ఎదురొచ్చి సోలారు పలకలు చూపిస్తానంది, వాననీటి గుంత చూపిస్తానంది. ఉస్తాద్ దేనికీ కదల్లేదు. గుమ్మం పక్కన కుళాయి దగ్గర ముఖం, చేతులు కడుక్కున్నాడు. భుజం మీది తువ్వాలు కూడా తడిపి, జాడించి, పిండి ఓబులేసు చేతికిచ్చాడు.

“ఇది ఆరేసి తీసుకరా నాయనా. ఆరినంక పని చూద్దాం.”

అని నీడలో బల్ల మీద కూర్చున్నాడు.

ఓబులేసుకు లోపల నవ్వొచ్చింది. ఈ ఎండకు ఐదు నిమిషాలు చాలు. ముసలాయనకు చాదస్తం ముదిరింది అనుకుంటూ మెట్లెక్కాడు.

మిద్దె మీదికి పోయే తలుపుకు తాళం ఉంది. వెనకే వచ్చిన వార్డెనమ్మ, “పలకల మీద దుమ్ము పడుతుందని ఎవర్నీ పోనియ్యొద్దన్నారు సార్,” అంది. తలుపు సందులోంచి చూశాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సోలారు పలకలే, కాలు పెట్టే చోటు లేదు. వాటికి తొమ్మిది మార్కులు వేసింది అతనే.

దిగి పెరట్లోకి పోయాడు. నీళ్లు ఎక్కువ అడగని మొక్కలు, వాటి మొదళ్లకు సన్నటి డ్రిప్ పైపులు, లోపలికి రావద్దని బోర్డు. ఒక మొక్క మీద తువ్వాలు పరవబోతే తోటమాలి కేకేశాడు. “పైపులు తొక్కుతారు సార్, పక్కకు రాండి.” అక్కడ నాలుగు మార్కులు. ముందువైపు వరండాల్లో బట్టలు కనిపిస్తే ఫైను అని కాగితం అంటించారు. కిటికీలైతే లోపలి చల్లదనం పోకుండా బెత్తెడు మాత్రమే తెరుచుకుంటాయి. వాటికి మూడు.

అరగంట గడిచింది. భుజాన వేసుకున్న తువ్వాలు చెమ్మకు చొక్కా తడిసింది. ఇక చేసేది లేక రెండో అంతస్తులో ఒక గది తలుపు తట్టాడు.

లోపల పట్టపగలు ట్యూబులైటు వెలుగుతోంది. కిటికీకి అడ్డంగా రెండు వరసల తాళ్లు, వాటి నిండా తెల్ల యూనిఫాములు, దుప్పట్లు. గదంతా ఆరని బట్టల ముక్క వాసన. ఒక పిల్ల మంచం మీద గోడకు ఆనుకుని దగ్గుతోంది. తలుపు తీసిన పిల్ల పేరు సుబ్బరత్న అని మెడలో కార్డు చెబుతోంది.

“తువ్వాలు ఆరేసుకోవల్ల తల్లీ. చోటుందా?”

ఆ పిల్ల ఎందుకని అడగలేదు. తన యూనిఫాము ఒకటి పక్కకు జరిపి తాడు మీద జానెడు చోటు చేసింది.

“ఇట్లియ్యన్నా. రేపు సాయంత్రానికి గానీ ఆరదు.”

“ఈ ఎండకా?”

“ఎండ బయట గదన్నా ఉండేది.”

అంటూ మెడ గోక్కుంది. చెవి కింద నుంచి భుజం దాకా ఎర్రటి మచ్చలు. ఓబులేసు చూడటం గమనించి కాలరు సర్దుకుంది.

“తామరన్నా. ఈ హాస్టల్లో సగం మందికి ఉండాది. తడి యూనిఫామే తొడుక్కొని డ్యూటీకి పోతాము గదా. వార్డులో పేషెంట్లకు పూసే మందే మేమూ పూసుకుంటాము.”

ఆమె గొంతులో కోపం లేదు. వానెప్పుడు పడుతుందో చెప్పినట్టు చెప్పింది.

“పోయిన వారం నేనొచ్చినప్పుడు గదులన్నీ శుభ్రంగా ఉన్యాయే,” అన్నాడు ఓబులేసు నెమ్మదిగా.

“ఆ పొద్దు తీసెయ్యమంటే అన్నీ తెచ్చి మంచాల కింద బకెట్లలో కుక్కినామన్నా. మీరు పోయినాక మళ్లీ ఉతుక్కున్యాము.”

ఓబులేసుకు సిగ్గేసింది. ఆ రోజు తాళ్లు కూడా విప్పించమని వార్డెనమ్మ మీద విసుక్కున్నది అతనే. ఆ పిల్ల జరిపిన యూనిఫామును మళ్లీ దాని చోటుకే జరిపి, తడి తువ్వాలుతోనే కిందికి దిగాడు.

“ఆరలేదు ఉస్తాద్.”

పీరాన్ సాహెబ్ తువ్వాలు తీసుకుని మోకాలి మీద పరుచుకున్నాడు. ఓబులేసే మళ్లీ అన్నాడు.

“బట్టలు ఆరేసుకునే చోటుకు పుస్తకంలో మార్కుల్లేవు ఉస్తాద్.”

“లేవు. వెలుతురుకు ఉండాయి గదా.”

“ఉండాయి. ఆరు.”

ఆ ఆరూ పోతే డెబ్బై ఏడు. ఓబులేసుకు లెక్క వేయాల్సిన పని లేకుండానే తెలుస్తోంది. ఐదు స్టార్లు పోతాయి. ట్రస్టు వాళ్లు ఇంకెప్పుడూ అతన్ని పిలవరు. మొదటి పనే చెడగొట్టుకున్నాడని నలుగురూ అంటారు.

“ఆ మూడు హాస్టళ్లకు పునాదులు తీసినారా?” అని అడిగాడు ఉస్తాద్.

“ఇంకా లేదు. ముగ్గు పోసినారంతే.”

“అయితే టయముండాది,” అన్నాడాయన.

ఓబులేసు సంచీలోంచి వెలుతురు కొలిచే మీటరు తీసుకుని మళ్లీ మెట్లెక్కాడు.

అతని చేతిలో మీటరు చూడగానే సుబ్బరత్న కంగారుగా లేచింది. “ఒక్క నిమిషమన్నా,” అంటూ తాడు మీది బట్టలు గబగబా లాగసాగింది. దగ్గుతున్న పిల్ల కూడా మంచం దిగి, వంగి, కింద ఉన్న బకెట్టు ముందుకు లాగింది.

“తీయొద్దమ్మా,” అన్నాడు ఓబులేసు. “కూర్చోండి. రోజూ ఎట్ల చదువుకుంటారో అట్లనే కూర్చోండి.”

ట్యూబులైటు ఆర్పేసి, మీటరును బల్ల మీద సుబ్బరత్న పుస్తకం పక్కన పెట్టాడు. పోయిన వారం ఆ బల్ల మీదే మూడు వందల పది చూపించింది. ఇప్పుడు నలభై దగ్గర ఆగింది. అతను నలభై అని రాసుకుని, పక్క గది తలుపు తట్టాడు.